బలానికి రెండు పాయింట్లే

1

ఈ ఏటి బల్లపోరు ఏ చోట జరగాలో చీటీ తీశారు. మైదానం వచ్చింది.

తీర్పరి మల్లవ్వ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. అయినా అదే ఉంది. మా తూర్పు సొరంగం వాళ్లం, పడమటి సొరంగం వాళ్లు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్లలో వంతెన వచ్చింది, గుహ వచ్చింది, కోట ద్వారమైతే మళ్లీ మళ్లీ వచ్చింది. మైదానం ఎప్పుడూ రాలేదు. ఆ చీటీ ఒకటి డబ్బాలో ఉందని కూడా ఎవరికీ తెలియదు.

పోయిన మూడేళ్లూ ఓడిపోయాం కాబట్టి ఈసారి కాగితం మీద వీరుణ్ని కట్టే పని నాకు అప్పగించారు. నా తెలివి మీద నమ్మకంతో కాదు, మిగతా అందరూ తప్పించుకున్నారు. ఆడేది మాత్రం మా అక్క భూలక్ష్మి. కట్టినవాళ్లు ఆడకూడదు, ఆడేవాళ్లు కట్టకూడదు, అది ఆచారం. కట్టేవాళ్లు ఏ రోజుకారోజు ఏం చేశారో రాసిపెట్టాలన్నది ఇంకో ఆచారం. తర్వాతివాళ్లకు పనికొస్తుందట. నాకు ముందు కట్టిన పెద్దమనిషి రాసింది చదివాను. "బలం ఎక్కువ పెట్టాలి" అని ఉంది. మూడేళ్లూ అదే ముక్క రాశాడు, మూడేళ్లూ ఓడిపోయాం. నేను కాస్త వివరంగానే రాస్తాను.

ఈ పాత బొగ్గు గనిలోకి మా తాతముత్తాతలు ఎండకు తాళలేక దిగారు. పైన పరిచిన సూర్యపలకల కరెంటుతో ఒక్క ఫ్యాను తిరుగుతుంది. దాని గాలి ఒకసారికి ఒక్క సొరంగానికే సరిపోతుంది. వేసవిలో పగటిగాలి ఎవరికన్న దాని మీద ఒకప్పుడు పారలతో కొట్టుకున్నారు. ఫ్యాను రెక్క విరిగి రెండు వైపులా ఉడికిపోయారు. అప్పట్నుంచి కొట్టుకునేది కాగితం మీద. ఎవరో పైనుంచి తెచ్చుకున్న ఓ పాత ఆట డబ్బా ఉంటే దాన్నే చట్టం చేసుకున్నారు.

ఓడినవాళ్లకు రాత్రిగాలి. పగలంతా నీళ్లు ఊరే అడుగు గదుల్లోకి దిగి, పాదాలు తడుపుకుంటూ కూర్చోవాలి. అక్కకు నెలలు నిండేది సరిగ్గా వేసవి నడుమ. ఓడితే ఆ నీళ్లలో, ఆ ఉక్కలోనే కానుపు.  పడుకునే ముందు అక్క ఒక్క మాట అంది.

"చెల్లె, నా బిడ్డను నీళ్లల్ల కననీయకు."

2

పొద్దున్నే పంపు దగ్గర నా పని ముగించుకుని, ఊటనీళ్లు తోడిపోశాక మల్లవ్వ దగ్గరికి వెళ్లాను.  ఆట పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది.

"మైదానమంటే ఏందవ్వా?"

"గోడలుండయట. పైకప్పు ఉండదట. పైనెండ గొడుతుంటదట. మిగతాది ఆడుకుంట పోతెనే చదవాలె."

"ఎన్ని గళ్లు?"

"రాయలే. కాయితం అయిపోతే ఇంకో కాయితం అతికియ్యమన్నరు."

ఆమెకు అది అంత చిన్న విషయంలా ఎలా కనబడిందో నాకు అర్థం కాలేదు. కోట ద్వారానికి ఒక్క గళ్ల కాగితం చాలు. వంతెనకు రెండు. ఇద్దరు వీరులు ఎదురెదురుగా నిలబడి, పాచికలు వేసి, ఎవడో ఒకడు పడేదాకా బాదుకుంటారు. అతికిస్తూ పోవడమంటే ఏమిటి? ఎక్కడిదాకా?

వీరుడికి ఇరవై పాయింట్లు. వాటిని బలం, ఒళ్లు, వేగం, ఊపిరి, చూపు అనే అయిదింటికీ పంచాలి. దేనికైనా కనీసం ఒకటి ఇవ్వాలి. మావాళ్లంతా వేగానికి ఒకటి, ఊపిరికి ఒకటి, చూపుకు ఒకటి పడేసి మిగతాదంతా బలానికీ ఒంటికీ కుమ్మరిస్తారు. ఇనుప కవచం, పెద్ద సుత్తె. నేనూ మొదట అలాంటి వీరుణ్నే కట్టాను. చూడటానికి భలే ఉన్నాడు. కానీ ఒక సందేహం పురుగులా తొలుస్తూనే ఉంది. ఊపిరికి పాయింట్లెందుకు పెట్టారు ఆ ఆట చేసినవాళ్లు? పుస్తకంలో దాని మీద రెండు పేజీలున్నాయి. పరుగెత్తితే ఎంత ఖర్చు, కవచంతో పరుగెత్తితే ఎంత ఖర్చు, ఎండలో ఉత్తినే నిలబడితే ఎంత ఖర్చు. ఆ రెండు పేజీలూ కొత్తగా, మడత నలగకుండా ఉన్నాయి. ఎవ్వరూ తెరవలేదు.

మా సొరంగంలో ఎటు చూసినా కాస్త దూరానికే మలుపు వస్తుంది. ఇక్కడ పుట్టినవాళ్లం ఎవరమూ ఎప్పుడూ పరుగెత్తలేదు. పరుగెత్తి ఎక్కడికి పోతాం?

3

బావను బతిమాలి పైకి వెళ్లాను. మా బావ ఓదెలు పలకల మీద దుమ్ము తుడిచే జట్టులో పనిచేస్తాడు. సూర్యుడు రాకముందే వెళ్లి, ఎండ ముదరకముందే దిగిపోతారు. నాకొక మంచు చొక్కా తొడిగాడు, జేబుల నిండా మంచుగడ్డలు. అది వణుకు పుట్టించేంత చల్లగా ఉంది.

పైకి రాగానే నేను చేసిన మొదటి పని తల వంచడం. కప్పు తగులుతుందని.

"ఎత్తు తల," బావ నవ్వాడు. "ఏం తగల్దు."

ఎత్తాను. వెంటనే కూర్చుండిపోయాను. పైన ఏమీ లేదు. పక్కన కూడా ఏమీ లేదు. చూపు వెళ్లి వెళ్లి ఎక్కడో అలిసిపోతోంది కానీ దేనికీ తగలడం లేదు. భయం వేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కాసేపు నేల పట్టుకుని కూర్చున్నాను, జారిపోతానేమోనని.

తర్వాత ఒక రాయి విసిరాను. మా దగ్గర ఏది విసిరినా గోడకు తగిలి ఠక్కున వినబడుతుంది. ఇది పడిన చప్పుడే రాలేదు. ఇంకోటి విసిరాను. ఇంకోటి. బావ పని మానేసి నన్నే చూస్తున్నాడు.

"రాళ్లతోటి ఏం పగ నీకు?"

"ఉరికి సూస్త బావా."

పరుగెత్తాను. మొదట్లో ఎంత బాగుందో చెప్పలేను. నా కాళ్లు ఇంత పని చేయగలవని నాకే తెలియదు. ఆ తర్వాత ఛాతీలో మంట, నోట్లో ఇనుము రుచి, కళ్లముందు చుక్కలు. మంచు చొక్కా బరువు నన్ను వెనక్కి లాగుతోంది. విప్పి పారేయాలనిపించింది. అప్పుడర్థమైంది. ఇక్కడ మనిషిని పడగొట్టేది సుత్తె కాదు.

బావ నన్ను ఎత్తి తీసుకొచ్చాడు. దిగాక కడుపులో ఉన్నదంతా కక్కేసి, మంచం మీద పడుకుని, నవ్వుకున్నాను. అక్కకు నేను పిచ్చిదాన్నయ్యానేమోనని అనుమానం వచ్చింది.

4

కట్టేశాను. బలం రెండు, ఒళ్లు రెండు, వేగం ఆరు, ఊపిరి ఆరు, చూపు నాలుగు. కవచం లేదు. చేతిలో వడిసెల, నడుముకు రాళ్ల సంచి. పేరు ఉడుత.

సొరంగం పెద్దలకు చూపించాను. ఒకాయన కాగితాన్ని తిరగేసి చూశాడు, వెనకవైపు ఇంకేమైనా బలం రాశానేమోనని.

"బలానికి రెండే ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఇది కొట్లాడేదా, ఉరికేదా?"

"రెండూ."

మార్చమన్నారు. మార్చనన్నాను. కట్టినవాళ్ల మాటే చెల్లాలన్నది కూడా ఆచారమే కదా. ఆ ఒక్క ఆచారం మీద నాకు గౌరవం పుట్టుకొచ్చింది.

అసలు చిక్కు అక్కతో వచ్చింది. ఇంట్లో నేల మీద కాగితాలు పరిచి, నేను సుత్తె వీరుణ్ని, అక్క ఉడుతను తీసుకుని ఆడి చూశాం. అక్క ఓడిపోయింది. మళ్లీ ఆడాం. మళ్లీ ఓడిపోయింది. ప్రతిసారీ ఒకటే కథ. రెండు రాళ్లు విసురుతుంది, తర్వాత ఉడుతను తీసుకొచ్చి నా సుత్తె కింద పెడుతుంది.

"ఎందుకే దగ్గరికొస్తవ్?"

"దగ్గరికి పోకుంటె ఎట్ల కొట్టాలె?"

"దూరం నుంచి."

"ఇంత దూరముంటె సాలదా?" అని రెండు గళ్లు చూపించింది.

చేయి పట్టుకుని ఉడుతను అయిదారు గళ్లు వెనక్కి జరిపాను. ఆమె ఆ చోటును వేలితో తడిమి చూసింది. అక్కడ నిలబడ్డవాడు ఇక్కడ లేనట్టే కదా అంది. అక్క మొద్దు కాదు. మా సొరంగంలో ఆమెను మించిన ఆటగత్తె లేదు. కానీ కంటితో చూడని దూరాన్ని కాగితం మీద ఎలా నమ్ముతుంది? నేను ఎండ గురించి, రాయి గురించి, ఛాతీ మంట గురించి చెబుతూ పోయాను. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వు ఒక్కపూట పైకి పోయొచ్చి నా బిడ్డ గాలిని ఓ పిరికిదాని మీద పెడుతవా?"

ఆ మాట చురుక్కున తగిలింది.  కాగితాలు కూడా ఎత్తకుండా పుట్టగొడుగుల మడుల దగ్గరికి వెళ్లి కాసేపు ఏడ్చాను.

నేను ఎక్కడ తప్పు చేశానో అక్కడే తట్టింది. వీరుణ్ని మైదానానికి సరిపోయేలా కట్టాను. ఆడే మనిషికి సరిపోయేలా కట్టలేదు. పాయింట్లు ఎంత బాగా పంచినా ఉడుత నడిచేది అక్క వేళ్లతోనే.

5

కడుపు బరువుతో అక్కకు పైకి వెళ్లే ఏటవాలు బాట ఎక్కడం కుదరదు. కానీ దాని అడుగు దాకా రాగలదు. మా గని మొత్తంలో తిన్నగా ఉన్న దారి అదొక్కటే. పైకి వెళ్లే జట్టు దాని మీదుగానే వెళుతుంది.

వాళ్లు వెళ్లేటప్పుడు ఇంటివాళ్లు వెనక్కి తిరిగి నిలబడాలి. పోయేవాళ్లను చూడకూడదు. మొదటి రోజుల్లో చూస్తూ నిలబడ్డవాళ్లకు వాళ్లు తిరిగి రాలేదట. పెళ్లయినప్పటి నుంచీ అక్క రోజూ బావను అక్కడిదాకా సాగనంపి, గోడవైపు తిరిగి, అడుగుల చప్పుడు ఆగేదాకా నిలబడి వస్తుంది.

"ఇయ్యాల తిరగకు," అన్నాను.

"పిస్స లేసిందా?"

"అక్కా, ఒక్కసారి సూడు. ఆయన నా బావ గూడ. ఆయనకేమన్న అయితే నాకు మాత్రం బాగుంటదా?"

బావ తన క్యాప్ ల్యాంపు వెలిగించి, అక్క చెయ్యి ఒకసారి నొక్కి, నడక మొదలుపెట్టాడు. నేను అక్క భుజాలు పట్టుకున్నాను.  ఆమె గోడవైపు తిరగలేదు.

బావ నడిచాడు. నడుస్తూ ఉన్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టేసింది.

"సుగుణా, ఆయన చిన్నగైతుండు."

"కాలే. దూరం పోతుండు."

"కాదే, చూడు, ముందు మనిషంత ఉండె, ఇప్పుడు పిల్లగానంత ఉన్నడు. ఇప్పుడు గిద్దెడంత..." ఆమె ఒక అడుగు ముందుకేసి అరిచింది. "ఏమండీ! ఆగుండ్రి!"

పైనెక్కడో ఆ దీపం ఆగింది. బావ గొంతు ఆలస్యంగా, సన్నగా వచ్చింది.

"ఏందే?"

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంత చిన్నవాడు పలికాడు. ఆమె కాసేపు ఆ వెలుగునే చూసింది. తర్వాత ఒక చిన్న బొగ్గుపెళ్ల ఏరుకుని అటువైపు విసిరింది. అది పాపం మా ముందే పడింది. దాన్నీ, దీపాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో భయం పోయి, ఆటకు కూర్చున్నప్పటి చూపు వచ్చింది.

"అంత దూరంల ఉన్నోణ్ని సుత్తె ఏం జేస్తది?" అంది మెల్లగా.

ఇంటికి రాగానే కాగితాలు తనే పరిచింది.

6

పోరు అయిపోయింది. మరిచిపోకముందే రాస్తున్నాను.

ఒకప్పుడు గనివాళ్లు హాజరు వేయించుకున్న పాత మస్టర్ గదిలో బల్ల వేశారు. రెండు సొరంగాల వాళ్లూ గోడల పొడవునా కిక్కిరిసి నిలబడ్డారు. కట్టినవాళ్లు మాట అందించకూడదు కాబట్టి నా నోట్లో గుడ్డ పెట్టారు. పడమటి వాళ్ల తరఫున ఆడేది పోశం. నడివయసు మనిషి, మాట తక్కువ, ఆటలో మొండివాడు. వాళ్ల వీరుడు ఇనుపన్న. బలం తొమ్మిది, ఒళ్లు ఆరు, వేగం మూడు. ఊపిరి ఒకటి. అది చూడగానే నా గుండె ఎగిరి గంతేసింది.

మల్లవ్వ నియమాలు చదివింది. ఒళ్లు సున్నా అయినా, ఊపిరి అయిపోయినా, ఆయుధం చేతినుంచి జారినా ఓడినట్టే. ఊపిరి లెక్కకు బొగ్గు పలుకులు పెట్టారు. ఇనుపన్న పక్కన చిన్న గుప్పెడు, ఉడుత పక్కన పెద్ద కుప్ప. ఆ కుప్ప చూసి పడమటివాళ్లు నవ్వారు. నిజం చెప్పాలంటే మావాళ్లూ నవ్వారు.

అక్క మొదటి రాయి దూరం నుంచే వేసింది. కవచానికి తగిలి పోయింది. ఇనుపన్న ముందుకొచ్చాడు. ఉడుత వెనక్కి జరిగింది. ఇంకో రాయి. ఇంకాస్త వెనక్కి. బల్ల అయిపోయింది. మల్లవ్వ కాగితం అతికించింది, అది బల్ల అంచు మీద నుంచి వేలాడింది. అందరూ కలిసి ఆటను నేల మీదికి దించారు.

ఒక్కచోట అక్కను పాత అలవాటు లాగేసింది. దగ్గర్నుంచి కొడితే కవచం సందులో తగులుతుందనుకుని రెండు గళ్లు ముందుకేసింది. నేను గుడ్డ కొరికేశాను. పోశం పాచికలు వేశాడు. సుత్తె అంచు రాసుకుపోయింది. ఉడుత ఒంట్లో ఒక్క పాయింటు మిగిలింది. గది గొల్లుమంది. అక్క కళ్లు మూసుకుంది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. తర్వాత కళ్లు తెరిచి, ఉడుతను ఎత్తి, దాని వేగం ఎంతుందో అంతా వెనక్కి తీసుకెళ్లి పెట్టింది.

ఆ తర్వాత ఇంక ఆగలేదు. కాగితం వెనుక కాగితం. జనం కాళ్లు తీసి దారి ఇచ్చారు. ఆట మస్టర్ గది గుమ్మం దాటింది. సొరంగంలోకి వచ్చింది. మలుపు దగ్గర మల్లవ్వ కాసేపు ఆలోచించి, మైదానంలో మలుపుండదు కాబట్టి కాగితాలు తిరిగినా దారి తిన్నగానే ఉన్నట్టు లెక్క అని చెప్పింది. వెనక ఉన్నవాళ్లు కనబడక తోసుకుంటున్నారు.

"ఇప్పుడేమున్నది ఆడ?" అని ఎవరో అరిచారు.

మల్లవ్వ పుస్తకం చూసింది. "ఎండిన వాగు."

"అది దాటినంక?"

"గడ్డి."

"దానెనుక?"

"ఆగుండ్రయ్యా, ఆడుకుంట పోతె తెలుస్తది."

పోశం దగ్గర పలుకులు కరిగిపోతున్నాయి. అక్క దగ్గర రాళ్లు అయిపోయాయి. మావాళ్లు "దగ్గరికి పో, కొట్టు" అని మొత్తుకుంటున్నారు. అక్క మల్లవ్వను అడిగింది.

"నేను గిట్లనే దూరంల నిలబడితె?"

"ఎండల కవచం తోటి నిలబడ్డా ఆయనకు పలుకు పోతది."

అక్క ఇంకో కాగితం వెనక్కి జరిగింది. మావాళ్లు తలలు పట్టుకున్నారు.

పోశం కవచం విప్పేశాడు. మంచి ఎత్తే. ఖర్చు తగ్గింది, నడక పెరిగింది. ఇనుపన్న పరుగు మొదలుపెట్టాడు. ఉడుత ముందు, అతను వెనక. నా గుండె నోట్లో గుడ్డ దగ్గరికొచ్చి ఆగింది. కొత్త కాగితం పరిచి మల్లవ్వ చదివింది.

"చెట్టు. ఒక్కటే. దూరంల."

మేమెవ్వరం చెట్టు చూడలేదు. అంత జనం ఉన్నా నీళ్లు కారే చప్పుడు వినబడింది. పోశం మోకాళ్ల మీద కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు. వేలితో ఇనుపన్న నుంచి ఆ చెట్టు దాకా కొలిచాడు. పలుకులు చూసుకున్నాడు. చాలవు.

"సుత్తె గూడ బరువే గదా అవ్వా?"

"బరువే."

"అయితె పడేస్త. ఆ చెట్టు దాకా పోతడు."

 మల్లవ్వ మెల్లగా అంది, "పోశం, ఏమన్నవో ఇంకోసారి చెప్పు."

ఆయుధం వదిలితే ఓటమేనని అప్పుడు తెలిసింది అతనికి. పడమటివాళ్లు ఒక్కసారిగా మూలిగారు. వాళ్లలో చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులున్నారు. వాళ్ల మొహాలు చూశాక, ఎగిరి గంతులేద్దామనుకున్నదాన్ని గోడకు ఆనుకుని నిలబడిపోయాను. సంతోషమే, అబద్ధం చెప్పను. ఇంత చేదు కలిసిన సంతోషం మాత్రం నాకు కొత్త.

పోశం ఎవరి వైపూ చూడలేదు.

"ఓడిన," అన్నాడు. "గాని నా మనిషిని ఆ చెట్టు దాకా పోనియ్యవ్వా."

మల్లవ్వ మా అక్క వైపు చూసింది. అక్క తల ఊపింది. పోశం ఒక్కో గడి జరుపుకుంటూ ఇనుపన్నను చెట్టు కిందికి చేర్చాడు. ఉడుతను కూడా పక్కన పెట్టింది అక్క. మల్లవ్వ పుస్తకంలో వెతికి, చెట్టు కింద ఉంటే ఊపిరి తిరిగొస్తుందని చదివింది.

7

పగటిగాలి మాకు వచ్చింది. అక్కకు ఆడపిల్ల పుట్టింది. మిట్టమధ్యాహ్నం, పొడి నేల మీద, తన మంచంలో. బిడ్డ ఫ్యాను మోతను మించి ఏడ్చింది. బావ గోడవైపు తిరిగి ఏడ్చాడు, నేను చూడలేదనుకున్నాడు.

తెల్లారి పొద్దెక్కాక పోశం భార్య అడుగు గదుల్లోంచి పైకి వచ్చింది, చంటిదాన్ని చూడటానికి. కాళ్లు నానిపోయి తెల్లబడి ఉన్నాయి. ఆమె వెంట ఇద్దరు తల్లులు, వాళ్ల పిల్లలు. అక్క చాప వేయించింది. సాయంత్రం దాకా కూర్చున్నారు. చూడవచ్చినవాళ్లను లెమ్మనడం మా ఇంటా వంటా లేదు.

మర్నాడు వాళ్లే వచ్చారు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని. ఆ మర్నాడు పోశం కూడా వచ్చాడు. బిడ్డ వైపు ఒక్క చూపు చూసి, నా పక్కన కూలబడి, ఊపిరికి ఎన్ని పాయింట్లు పెడితే వాగు దాటవచ్చో అడగడం మొదలుపెట్టాడు. నేను పడుకునే చోట ఇప్పుడు ఎవరి పిల్లలో వరసగా నిద్రపోతున్నారు. మా సొరంగం పెద్దలు గుసగుసలాడి మల్లవ్వను పిలుచుకొచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి, పుస్తకం చంకలో పెట్టుకుని, నిండిపోయిన గదిని అంతా చూసింది.

"పోరు గెలిచింది మీరు. వీళ్లంత ఈడ ఏం జేస్తున్నరు?"

"బిడ్డను చూడనీకి వచ్చిండ్రు," అంది అక్క, పాలిస్తూ.

"ఎన్ని దినాలు చూస్తరే?"

"ఎండాకాలం పోయేదాక."

మల్లవ్వ పుస్తకం తెరవలేదు. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, బిడ్డ ఎవరి పోలికో చూద్దామని కళ్లజోడు తీసి తుడుచుకుంది.